వెన్ను తెరిచే చేతులు

నడుము ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో మొదట వినపడే మాట "వద్దు, కాళ్లు పడిపోతాయి" అని. ఆ భయంలో నిజం ఎంతో చూడండి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, ఒకటో రెండో లంబార్ పూసల దగ్గర ముగుస్తుంది. డిస్క్ ఎక్కువగా జారేది అంతకు చాలా కింద, నాలుగో ఐదో పూసల చోట. అక్కడ ఉండేవి నరాల పాయలే. చెయ్యి తిరిగిన న్యూరోసర్జన్ ఆ చోట ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోవడం చాలా అరుదు.

ఆ చేతి గొప్పతనం కత్తి పట్టకముందే తెలుస్తుంది. రోగిని బోర్లా పడుకోబెట్టేటప్పుడు ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెట్టి పొట్ట కింద ఖాళీ వదులుతారు. పొట్ట నొక్కుకుపోతే వెన్ను కాలువలోని సిరలు ఉబ్బి రక్తం ఆగదు. కళ్ల మీద ఒత్తిడి పడకుండా మత్తు డాక్టర్ కాపలా కాస్తారు, పడితే చూపే పోవచ్చు. తర్వాత సి-ఆర్మ్ ఎక్స్‌రేతో పూసల లెక్క. ఒక పూస పైనో కిందో తెరవడం ఈ విద్యలో మహాపరాధం. అందుకే ఎంత పేరున్నవారైనా తెరిచాక కూడా మళ్లీ ఎక్స్‌రే తీసి చూసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన చెక్‌లిస్టు ప్రకారం మత్తుకు ముందు, కోతకు ముందు, రోగి థియేటర్ దాటే ముందు అందరూ ఆగి పైకి చదివి సరిచూడాలి.

ఇక మైక్రోస్కోపు కింద పని చూడాలి! వజ్రపు రజను అద్దిన డ్రిల్‌తో ఎముకను గుడ్డు పెంకంత పలుచన చేస్తారు. మిగిలిన పొరను కెర్రిసన్ పంచ్‌తో కొద్దికొద్దిగా కొరుకుతారు. పసుపుపచ్చని లిగమెంటు తీశాక నరం కనిపిస్తుంది. దాన్ని పక్కకు జరిపి, మధ్యమధ్య వదిలి ఊపిరి పీల్చుకోనిచ్చి, జారిన డిస్క్ ముక్కను తీస్తారు. నరాలను కప్పి ఉండే డ్యూరా పొర చిరిగితే వెన్నునీరు కారుతుంది. ఆ చిరుగును వెంట్రుకంత సన్నని దారంతో, నీటిచుక్క కారకుండా కుట్టగలిగినవాడే నా లెక్కలో సర్జన్.

1887లో లండన్‌లో విక్టర్ హార్స్‌లీ అనే సర్జన్ వెన్నుకాలువలోని కణితిని తీసినప్పుడు ఎక్స్‌రేనే పుట్టలేదు. గవర్స్ అనే వైద్యుడు రోగిని పరీక్షించి చోటు చెప్పాడు. తెరిస్తే ఏమీ కనిపించలేదు. ఇంకొంచెం పైకి వెళితే దొరికింది. ఆ రోగి మళ్లీ నడిచాడు! చాలా ఏళ్ల తర్వాత యాసర్‌గిల్ అనే సర్జన్ అమెరికాలోని వెర్మాంట్‌లో డొనాగీ అనే సర్జన్ ప్రయోగశాలలో సన్నని రక్తనాళాలు కుట్టడం సాధన చేసి, 1967లో జ్యూరిచ్‌లో మైక్రోస్కోపును న్యూరోసర్జరీకి ప్రాణం చేశాడు. 1977లో ఆయన, జర్మనీలో కాస్పర్, నడుము డిస్క్‌కీ అదే దారి చూపించారు.

మన దగ్గర 1949లో వెల్లూరులో జాకబ్ చాందీ, మరుసటి ఏడాది మద్రాసులో బి. రామమూర్తి ఈ శాఖకు పునాది వేశారు. రామమూర్తిగారి శిష్యురాలు టి.ఎస్. కనక ఆసియాలోనే తొలి మహిళా న్యూరోసర్జన్లలో ఒకరు. మన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డిగారి సంగతి వేరుగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వెన్నెముక బిగుసుకుపోయి, కాలువ ఇరుకై, కాళ్లు చచ్చుబడిన పల్లె జనం కష్టాన్ని ఆయన అధ్యయనం చేశారు. అలాంటి గట్టి ఎముకను నలిగిన వెన్నుపాము మీద నుంచి తీయడం ఈ విద్యకే పరీక్ష.

ఇంత తపస్సు ఉన్న విద్యను ఇవాళ హోర్డింగుల మీద అమ్ముతున్నారు. 'లేజర్‌తో అరగంటలో నయం' అట! ఎంఆర్‌ఐ కాగితం చూసి, రోగి కాలు ఎత్తి కూడా చూడకుండా తేదీ ఇచ్చేస్తున్నారు. మామూలు డిస్క్‌కు స్క్రూలు బిగిస్తున్నారు. సయాటికా అనే కాలి నరం నొప్పిలో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుందని తెలిసీ చేసే పని ఇది. మరోవైపు మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవక వేలాడుతున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు. అలాంటివారిని మసాజులకు తిప్పేవాళ్లనూ క్షమించలేం.

ఈ చేయి రావడానికి ఏళ్లు పడుతుంది. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు ఎంఎస్, ఆపై నీట్ ఎస్‌ఎస్ రాసి మూడేళ్లు ఎంసీహెచ్. ఎయిమ్స్, నిమ్హాన్స్ లాంటి చోట్ల ఎంబీబీఎస్ మీదే ఆరేళ్ల కోర్సు. సీటు తెచ్చుకున్న పిల్లలూ, రోబో, నావిగేషన్ తెర తర్వాత. ముందు మృతదేహం మీద పూస పూసా తెరిచి నేర్చుకోండి. ఆ యంత్రాలు ఆగిపోయిన రోజు మిమ్మల్ని కాపాడేది అనాటమీయే. ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే: న్యూరోసర్జరీ సీట్లున్న ప్రతి బోధనాసుపత్రిలో పీజీల సాధన కోసం ఒక మైక్రోస్కోపు, ఒక ప్రయోగశాల రాత్రీపగలూ తెరిచి ఉంచండి.