పదకొండు పేజీల పనితనం

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో చేరినవాళ్లకి ఎస్టిమేషన్ పేపరులో క్రామర్–రావు అసమానత తప్పదు. చాలామంది దాని నిరూపణ నేర్చుకుని, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని ముందుకు వెళ్లిపోతారు. అది మొదట ఎక్కడ అచ్చయిందో వెతికి చదివేవాళ్లు తక్కువ. కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్, 1945, 37వ సంపుటం, 81వ పేజీ నుంచి 91వ పేజీ దాకా. మొత్తం పదకొండు పేజీలు. రాసిన సి. ఆర్. రావు గారికి అప్పటికి పాతికేళ్లు నిండీ నిండలేదు. ఎమ్మే పూర్తయి రెండేళ్లు. స్టాటిస్టిక్స్‌లో పీజీ చదువుతున్న ప్రతి తెలుగు విద్యార్థీ ఈ పదకొండు పేజీలను సిలబస్ కోసం కాక, పనితనం కోసం చదవాలని నా కోరిక.

రావు గారు 1920లో బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం తిరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడ మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941 జనవరి 1న చేరారు. ఆ ఏడే కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎమ్మే మొదలుపెట్టింది. దేశంలో అదే తొలి కోర్సు, అందులో తొలి జట్టు విద్యార్థుల్లో ఆయన ఒకరు. ఆర్. సి. బోస్, ఎస్. ఎన్. రాయ్ వంటివాళ్లు పాఠాలు చెప్పిన కాలం అది. 1943లో ఫస్ట్ క్లాసులో మొదటివాడిగా, బంగారు పతకంతో బయటికొచ్చారు. మరుసటి ఏడాదికల్లా అదే కోర్సులో పాఠం చెబుతున్నారు.

అసలు కథ ఆ తరగతి గదిలోనే మొదలైంది. గణాంకవేత్త ఫిషర్ సాధించిన ఒక ఫలితాన్ని రావు గారు ఎమ్మే విద్యార్థులకు చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు, అంచనాలోని వేరియన్స్ ఒక హద్దు కంటే తగ్గదన్నది దాని సారాంశం. వి. ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, శాంపిల్ చిన్నదైతే ఇది నిలబడుతుందా, దాన్నెందుకు నిరూపించకూడదు అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు తరగతిలో నిరూపణ చెప్పారు. ఆ దండేకర్ తర్వాతి కాలంలో భారతదేశంలో పేదరికంపై నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో పుస్తకం వెలువరించిన ఆర్థికవేత్త. అంత ప్రశ్న అడగగల విద్యార్థి ఎదురుగా ఉండటం మాస్టారి అదృష్టమే. ఆ ప్రశ్నను వాయిదా వేయకుండా ఇంటికి పట్టుకెళ్లడం మాత్రం మాస్టారి గొప్ప.

ఇక పని చూద్దాం. తెలియని ఒక విలువ ఉంది, దాన్ని థీటా అందాం. డేటా చూసి దాన్ని అంచనా వేయాలి. మన అంచనా పక్షపాతం లేనిది, అంటే దాని సగటు సరిగ్గా థీటాయే. థీటా ఏదైనా సరే ఈ మాట నిలబడాలి. రావు గారు పట్టుకున్న కొస ఇదే. థీటా ఎంతైనా నిలిచే సమీకరణం కాబట్టి, దాన్ని థీటా పరంగా డిఫరెన్షియేట్ చేయవచ్చు. కుడివైపు 1 మిగులుతుంది. ఎడమవైపు, సంభావ్యత యొక్క లాగరిథం థీటాతో పాటు ఎంత వేగంగా మారుతుందో చెప్పే రాశి, అదే స్కోరు, బయటపడుతుంది. స్కోరు సగటు సున్నా. కనుక ఆ సమీకరణం చెప్పేదల్లా అంచనాకూ స్కోరుకూ మధ్య కోవేరియన్స్ 1 అని. కోవేరియన్స్ వర్గం రెండు వేరియన్స్‌ల లబ్ధాన్ని మించదని కోషీ–ష్వార్జ్ అసమానత చెబుతుంది. స్కోరు వేరియన్సే ఫిషర్ ఇన్ఫర్మేషన్. ఇంకేముంది, అంచనా వేరియన్స్ ఆ ఇన్ఫర్మేషన్ విలోమం కంటే తగ్గదు. ఇదే క్రామర్–రావు అసమానత.

ఇందులో కొత్త పనిముట్టు ఒక్కటి కూడా లేదు. డిఫరెన్షియేషన్, కోషీ–ష్వార్జ్ డిగ్రీ విద్యార్థులకు తెలిసినవే. స్కోరు, ఇన్ఫర్మేషన్ ఫిషర్ ఇచ్చినవి. వడ్రంగి మేకు కొట్టకుండా రెండు చెక్కల్ని కుసి, బెజ్జం కలిపి బిగించినట్టు, ఉన్న వాటినే సరైన చోట కలపడం ఇక్కడి నేర్పు. శాంపిల్ పరిమాణం అనంతానికి పోవాల్సిన పనే రాలేదు. చిన్న శాంపిల్‌కి కూడా చెల్లుతుందని వేరుగా నిరూపించనక్కర్లేకుండానే అది చెల్లింది.

ఒక నాణెం 100 సార్లు ఎగరేసి బొమ్మ పడే సంభావ్యత అంచనా వేస్తున్నామనుకోండి. అసలు విలువ సగమైతే ఇన్ఫర్మేషన్ 400. హద్దు 0.0025. బొమ్మలు లెక్కపెట్టి 100తో భాగించే మామూలు పద్ధతి వేరియన్స్ కూడా సరిగ్గా 0.0025. పక్షపాతం లేకుండా ఇంతకన్నా తెలివైన పద్ధతి ఇంకెవరూ కనిపెట్టలేరని తేలిపోయింది. చిన్నపిల్లలు కూడా చేసే భాగహారానికి ఇంత గట్టి పూచీ దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అదే వ్యాసంలో రెండో పని ఉంది, చేతిలో ఉన్న అంచనాను మెరుగుపరచడం. అదే పని చేసిన మరొకరు డేవిడ్ బ్లాక్‌వెల్. 1947లో ఆయన స్వతంత్రంగా అదే ఫలితానికి చేరడంతో దాన్ని రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటారు. మొదటిసారి ఎగరేసినప్పుడు బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0 అని చెప్పేయడం కూడా పక్షపాతం లేని అంచనాయే. మొరటుది, అంతే. ఇప్పుడు మొత్తం బొమ్మలు ఎన్నో తెలిసినప్పుడు, మొదటిది బొమ్మ అయ్యే అవకాశం ఎంత అని అడగండి. 100లో 57 బొమ్మలు పడితే జవాబు 0.57. మొరటు అంచనా ఒక్క అడుగులో మంచి అంచనా అయిపోయింది. డేటాలోని సారమంతా పట్టి ఉంచే సఫిషియంట్ స్టాటిస్టిక్ మీద సగటు తీస్తే వేరియన్స్ ఎప్పుడూ పెరగదు, సాధారణంగా తగ్గుతుంది. అంచనాను బాగు చేసే విధానాన్నే చేతికిచ్చిన సిద్ధాంతమిది.

మళ్లీ మొదటి పనికి వస్తే, ఆ అసమానతకు ఒక షరతు ఉంది, ఇంటెగ్రల్ లోపల డిఫరెన్షియేట్ చేయగలగాలి. చేయలేని చోట హద్దు నిలవదు. 0 నుంచి థీటా దాకా సమానంగా పరుచుకున్న సంఖ్యల్లోంచి 100 తీసి, వాటిలో పెద్దదాన్ని కాస్త సవరించి అంచనాగా పెడితే, థీటా 1 అయినప్పుడు దాని వేరియన్స్ 10,200లో 1 వంతు. సూత్రాన్ని గుడ్డిగా వాడితే వచ్చే హద్దు 100లో 1 వంతు. షరతు కత్తిరించి సూత్రం ఒక్కటే బట్టీ పట్టడం ఎంత ప్రమాదమో విద్యార్థికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడో భాగం. రెండు జనాభాల మధ్య దూరాన్ని కొలవడం మహలనోబిస్ ప్రయోగశాలలో నిత్యం నడిచే పని. డి-స్క్వేర్ కొలమానం మీద ఆయన వ్యాసం 1936 నాటిది. రావు గారు ఇన్ఫర్మేషన్‌నే దూరం కొలిచే బద్దగా మార్చారు. నాణెం సంభావ్యత 0.50 నుంచి 0.51కి జరగడం, 0.01 నుంచి 0.02కి జరగడం అంకెల్లో ఒకటే. ఈ బద్దతో కొలిస్తే రెండోది నాలుగు రెట్లకు పైగా ఎక్కువ దూరం. నూటికి ఒకసారి జరిగేది రెండుసార్లు జరిగితే డేటాకు ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. సంభావ్యతా విభాజనాలన్నీ కలిసి ఒక వంపు తిరిగిన తలం, దాని మీద దూరానికి అర్థం ఉంది అనే చూపు ఇక్కడిది. దీన్ని లోకం పట్టించుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖే ఉంది. మెషీన్ లెర్నింగ్‌లో నేచురల్ గ్రేడియెంట్ అనే పద్ధతి నడిచేది ఈ బద్ద మీదే.

2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించినప్పుడు ప్రధానంగా ఎత్తి చూపింది 78 ఏళ్ల కిందటి ఈ వ్యాసాన్నే. చదవబోయే విద్యార్థికి నా సలహా ఒకటుంది. మొదటి రెండు భాగాలకు డిగ్రీ కాల్‌క్యులస్ సరిపోతుంది, పెన్సిల్ పట్టుకుని నాణెం ఉదాహరణతో ఒక సాయంత్రంలో దాటేయవచ్చు. మూడో భాగానికి డిఫరెన్షియల్ జామెట్రీ కొంచెం కావాలి. దానికి ఒక వేసవి కేటాయించుకోండి.