పచ్చ లైటు చెప్పిన అబద్ధం

మంగళవారం పొద్దున్నే విజయవాడ నుంచి బావమరిది ఫోను. "లైటు పచ్చగానే ఉంది బావగారూ, బిల్లు మాత్రం పడట్లేదు."

వాళ్లది మందుల హోల్‌సేల్ వ్యాపారం. బిల్లింగ్ సర్వర్ హైదరాబాద్ ఆఫీసులో, గోడౌన్ విజయవాడలో. మధ్యలో ఒక లీజ్డ్ లైను. అది పోతే పనికొస్తుందని బ్రాడ్‌బ్యాండ్ మీద ఐపీసెక్ టన్నెల్ కూడా ఉంది. దారులు రెండున్నా మధ్యాహ్నం దాకా ఒక్క బిల్లూ కదల్లేదు. ఎక్కడో రోడ్డు తవ్వుతున్న జేసీబీ ఫైబర్ తెంపేసింది. ఆ సంగతి ఫైర్‌వాల్‌కి తెలిసే వీల్లేదు. దాని తీగ పక్కనున్న మీడియా కన్వర్టర్ దాకానే వెళ్తుంది. ఆ రకం కన్వర్టర్‌కి కరెంటు ఉన్నంతసేపూ పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది, లైటు వెలుగుతుంటే చేత్తో రాసిపెట్టిన దారి, అంటే స్టాటిక్ రూట్, తన చోటు వదలదు. ప్యాకెట్లన్నీ బుద్ధిగా తెగిన తీగలోకి వెళ్లి పడ్డాయి. అవతలి కొసకి పింగ్ కొట్టి చూసుకునే ఏర్పాటు పెట్టి ఉంటే ఇంత జరిగేది కాదు. పెట్టలేదు.

పెట్టని పెద్దమనిషి ఈ కాలమిస్టే. అసలు మంట అక్కడ.

ఆయనగారి పాత పాట పాఠకులకు తెలిసిందే. ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర వాచ్‌మన్. వచ్చేపోయేవాళ్లని చూడటం అతని పని, ఊళ్లో దారులు చెప్పడం కాదు. పక్కవాళ్ల మాట విని దారి మార్చుకునే డైనమిక్ రూటింగ్ రూటర్లకే ఉండాలి. ఎవరైనా కాదంటే ఆయన వెంటనే 2008 ఫిబ్రవరి 24ని సాక్ష్యానికి పిలుస్తారు. ఆ రోజు పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ని ఆపడానికి 208.65.153.0/24 చిరునామాలు తనవేనని ప్రకటించుకుంది. ఇంట్లో ఉండాల్సిన ఆ మాటని దాని పై సంస్థ, హాంకాంగ్‌లోని పీసీసీడబ్ల్యూ, వడకట్టకుండా ప్రపంచానికి చాటింది. యూట్యూబ్ చెప్పుకున్నది అంతకంటే పెద్ద ముక్క, /22. రూటింగ్‌లో చిన్న ముక్క చెప్పినవాడి మాటే చెల్లుతుంది. దాదాపు రెండు గంటలు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ కనిపించలేదు. గేటు కాసేవాడికి ఇలాంటి కబుర్లు ఎందుకని ఆయన వాదన.

ఆ వాదన గట్టిదే. కానీ ఈసారి ఫైర్‌వాల్ తెరిచి ఆ స్టాటిక్ రూట్ వివరం చూస్తే, పక్కన ఆయన చేత్తోనే రాసిన రెండు ముక్కలు కనిపించాయి: 'తాత్కాలికం, 2019'.

అది చూడగానే ఆయనకి అవనిగడ్డ బస్టాండు గోడ గుర్తొచ్చింది. ఆయన చిన్నప్పుడు ఆ గోడ మీద నల్లరంగుతో బస్సుల వేళలు రాసి ఉండేవి. ఊరు, మీదుగా, బయల్దేరే సమయం. అందులో ఒక బస్సు ఎప్పుడో ఆగిపోయింది. రంగు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని నమ్మి సంచులు పట్టుకొచ్చి కూర్చున్నవాళ్లని చూసి, సోడా బండి అతను "అది గోడ మీదే తిరుగుతుంది లెండి" అనేవాడు. విజయవాడకి అప్పట్లో రెండు దారులు. ఒకటి చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా. రెండోది కృష్ణ కరకట్ట మీద. వానాకాలంలో ఏది బాగుందో గోడ చెప్పదు. డ్రైవర్లు చెప్పుకునేవారు. రెండు బస్సులు ఎదురెదురుగా వచ్చి, కిటికీకి కిటికీ ఆనించినట్టు ఆగేవి. "కల్వర్టు మీద మోకాలి లోతు ఉంది, అటు వద్దు." అంతే, రెండు ముక్కలు. ఈ డ్రైవరు ఆ మాట తర్వాత ఎదురైన బస్సుకి అప్పగించేవాడు. గంటలో దివిసీమంతా తెలిసిపోయేది.

ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్ చేసేది సరిగ్గా ఇదే. ఎక్కడ లింకు తెగినా ఆ కబురు చేతులు మారుతూ అందరికీ చేరుతుంది. పుస్తకాల్లో దీని పేరు ఫ్లడింగ్. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన దివిసీమవాళ్ల ముందు ఆ పేరు ఎత్తడానికి ఆయన ఇప్పటికీ తటపటాయిస్తారు.

ఆ డ్రైవర్ల మాటలకంటే కండక్టర్ మౌనం ఆయనకి ఎక్కువ గుర్తు. మోపిదేవి దాటాక ఎదురు రావలసిన బస్సు రాకపోతే, కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి రోడ్డుకేసి చూసేవాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. రావలసింది రాలేదు, అదే కబురు. ఓఎస్‌పీఎఫ్ పొరుగువాడికి మామూలుగా పది సెకన్లకోసారి హలో అంటుంది. నలభై సెకన్లు అవతలి హలో వినపడకపోతే ఆ పొరుగువాడు లేడని తేల్చేస్తుంది. పచ్చ లైటు వెలుగుతోందా లేదా అన్న ప్రసక్తే లేదు.

కబుర్లు చేరాక దగ్గర దారి లెక్కగట్టే పద్ధతి ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రాది. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో కాఫీ తాగుతూ, కాగితం పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో ఆలోచించానని ఆయనే చెప్పుకున్నాడు. 1959లో అచ్చయింది. మందుల గోడౌన్‌లో ఉన్నది పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్. అందులో ఓఎస్‌పీఎఫ్ నడిపేది ఎఫ్‌ఆర్‌ఆర్ అనే సాఫ్ట్‌వేర్. దాని తల్లి క్వాగా, అమ్మమ్మ జీబ్రా. క్వాగా అంటే అంతరించిన ఒక రకం జీబ్రా. చివరిది 1883లో చనిపోయింది, అదీ ఆమ్‌స్టర్‌డామ్ జంతుప్రదర్శనశాలలోనే. దీనికీ రూటింగ్‌కీ సంబంధం లేదు. చెప్పకుండా ఉండలేకపోవడం ఈ కాలమిస్టు బలహీనత.

గురువారం రాత్రి, బిల్లింగ్ ముగిశాక, రెండు ఫైర్‌వాల్స్‌లోనూ ఓఎస్‌పీఎఫ్ పెట్టే పని మొదలైంది. మొదటి గంట సిగ్గుచేటు. ఓఎస్‌పీఎఫ్‌ని అనుమతించే రూల్‌లో ఆయన టీసీపీ ఎంచుకుని పోర్టు 89 అని రాశారు. ఓఎస్‌పీఎఫ్ టీసీపీ మీదా నడవదు, యూడీపీ మీదా నడవదు. నేరుగా ఐపీ మీద వెళ్తుంది, 89 దాని ప్రోటోకాల్ నంబరు. పోర్టులే లేనిదానికి పోర్టు తెరిచి, హలోలు ఎందుకు రావట్లేదని లాగులు తిరగేశారు. అది సరిచేస్తే లీజ్డ్ లైను మీద పొరుగు కుదిరింది. టన్నెల్ మీద మాత్రం ఎక్స్‌స్టార్ట్ అనే మెట్టు దగ్గర బిగుసుకుపోయింది. ఒక కొసన ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు, 1500, రెండో కొసన 1400. హలోలు చిన్నవి కాబట్టి పలకరింపులు బాగానే సాగాయి. అసలు లెక్కలు ఇచ్చిపుచ్చుకునే వేళకి 'నువ్వు చెప్పే సైజు నాకు పట్టదు' అని ఒకటి మొండికేసింది. రెండూ 1400 చేశాక గాని కదల్లేదు.

లీజ్డ్ లైనుకి కాస్ట్ 10, టన్నెల్‌కి 100; కాస్ట్ తక్కువున్న దారికే మొదటి పిలుపు. ఇది ముందు హైదరాబాద్‌లో మాత్రమే పెట్టారు. విజయవాడ వైపు మరిచిపోయారు. కాస్ట్ ఎవరి గడప వాళ్లదే. దాంతో వెళ్లేవి లీజ్డ్ లైను మీద, జవాబులు టన్నెల్ మీద. ఏ గేటున పోయినవాడు ఆ గేటునే రావాలనే పట్టింపు ఈ ఫైర్‌వాల్‌కి ఉంది. జవాబుల్ని దొంగల్లా ఆపేసింది. కాసేపు తన పాత వాదనే నిజమైందని ఆయనకి లోలోపల సంతోషం కూడా కలిగింది. రెండోవైపు కాస్ట్ పెట్టగానే ఆ సంతోషం పోయింది.

అలాగని వాచ్‌మన్‌ని ఊరందరితో మాట్లాడనివ్వలేదు. సిబ్బంది కంప్యూటర్లున్న ఇంటర్‌ఫేస్‌ని పాసివ్ చేశారు, అటువైపు హలోలు వెళ్లవు. ఇద్దరి మధ్య తాళం మాట పెట్టారు. అవతలివాళ్లు ఏం చెప్పినా గోడౌన్ చిరునామాలు తప్ప వేరేవి రూటింగ్ టేబుల్లోకి ఎక్కనివ్వలేదు. ఇంటర్నెట్‌కి వెళ్లే డిఫాల్ట్ రూట్ ఇప్పటికీ చేత్తో రాసిందే. పక్కన వివరంలో ఈసారి కారణం, తేదీ, పేరు ఉన్నాయి. దాన్నీ మార్చమని ఉత్తరాలు రాసే పాఠకులు రాయొచ్చు.

శనివారం పరీక్ష. బావమరిది ఫైర్‌వాల్ నుంచి తీగ లాగబోయాడు. "అది కాదు," అని ఆయన ఫోన్లోనే కేకేశారు. ఆ తీగ లాగితే లైటు ఆరుతుంది, స్టాటిక్ రూట్ అయినా పక్కకి తప్పుకునేది, ఏమీ తేలదు. కన్వర్టర్ వెనక ఉన్న పసుప్పచ్చ ఫైబర్ ఊడదీయమన్నారు. ఒకటి, రెండు అని ఇద్దరూ లెక్కపెట్టారు. ముప్పై నాలుగు దగ్గర పింగ్ తిరిగొచ్చింది.

"లైటు?" అని ఆయన అడిగారు.

"పచ్చగానే ఉంది బావగారూ."