వెండి రేణువుల మీద ఫోకస్

పాత స్టూడియో కవర్లలో మిగిలిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లను కెమెరాతో డిజిటల్‌లోకి మార్చేవారి పనితనం చూసి తీరాలి. ఫిల్మ్‌ను అంచులు పట్టుకునే బయటికి తీస్తారు, బ్లోయర్‌తో దుమ్ము వదలగొడతారు. కలర్ ఫిల్మ్‌కైతే స్కానర్‌లోని ఇన్‌ఫ్రారెడ్ కాంతి దుమ్మును పసిగడుతుంది. వెండి రేణువులతో బొమ్మ కట్టిన ఈ ఫిల్మ్ దగ్గర ఆ కిటుకు పారదు. ఇక్కడ ఓపికే దిక్కు.

అసలు నేర్పంతా కెమెరాను నిలబెట్టడంలో ఉంది. లైట్ ప్యానెల్ మీద చిన్న అద్దం పెట్టి, అందులో లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేము నడిమధ్యకు వచ్చేదాకా స్టాండును సవరిస్తారు. అప్పుడే సెన్సర్, ఫిల్మ్ సమాంతరంగా ఉన్నట్టు. తర్వాత మ్యాక్రో లెన్స్‌ను ఎఫ్ 8 దగ్గర పెట్టి, తెరమీద బొమ్మను పెద్దది చేసి చూస్తారు. ఫోకస్ చేసేది ముఖం మీద కాదు, గ్రెయిన్ మీద. ఆ రేణువులు ఇసుకలా విడివిడిగా కనబడితే బొమ్మ దక్కినట్టే.

ఫార్మాట్ల తేడా ఇక్కడే బయటపడుతుంది. 35 ఎంఎం ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. యాషికా మ్యాట్ లాంటి కెమెరాల్లో 120 ఫిల్మ్ మీద పడే చదరపు ఫ్రేము సుమారు 56×56, అంటే విస్తీర్ణంలో 3.6 రెట్లు. గ్రూప్ ఫోటోలో వెనక వరస పిల్ల జడలోని మల్లెలు 120లో విడివిడిగా తేలతాయి, 35లో గ్రెయిన్‌లో కలిసిపోతాయి. అయినా పెళ్లిపందిట్లో ఒక్క రీలుతో 36 క్షణాలు పట్టింది ఆ చిన్న ఫిల్మే!

టోన్లు తిరగేశాక నల్లగా కనబడిన చీర తెల్లబడి, జరీ అంచు తేటపడుతుంది. ఫ్రేము పక్కనున్న ఫిల్మ్ పేరు, నంబరు మాత్రం కత్తిరించరు. ఏ ఫోటో తర్వాత ఏది తీశారో ఇంట్లోవాళ్లకు చెప్పేవి ఆ అంకెలే.