ఉపానం నుంచి స్తూపి దాకా

పుట్టపర్తి నుంచి లేపాక్షికి వెళ్లేవాళ్లలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగి, ఏకశిలా నందిని చూసి తిరిగొస్తారు. నాకు మాత్రం అక్కడికి వెళ్తే రాతిపనివాళ్ల మాటలే గుర్తుకొస్తాయి. వాళ్లు గుడిని కింది నుంచి పైకి, శిఖరం మీది స్తూపి దాకా చదువుతారు. నేలను ఆనుకున్న వరస ఉపానం. ఆపైన జగతి, ఉబ్బెత్తుగా కుముదం, లోపలికి నొక్కుకుపోయిన కంఠం, దాని మీద పట్టిక. అన్నీ కలిపి అధిష్ఠానం.

గుడి భాగాలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టం, అధిష్ఠానానికి పైన వచ్చే పోతిక. స్తంభం తలమీద కూర్చుని, దూలం కింద చేతులు చాచినట్టు పక్కలకు సాగుతుంది. రాయి ఎంత బరువైనా మోస్తుంది కానీ వంపును ఓర్చుకోలేదు. స్తంభాల మధ్య ఎడం పెరిగితే దూలం విరుగుతుంది. ఆ ఎడాన్ని పోతిక తగ్గిస్తుంది. అంత బరువు పనిచేసే రాతి కొసనే విజయనగర శిల్పులు తామరమొగ్గను తలకిందులుగా వేలాడదీశారు. అదే పుష్పపోతిక. ఎంత ధీమా!

దూలం పైన కపోతం. చూరులా ముందుకు వంగి వాననీళ్లను గోడకు తగలకుండా జారుస్తుంది. వాన అరుదైన ఈ సీమలోనూ దాని వంపును ఎంతో శ్రద్ధగా తీర్చారు. 16వ శతాబ్దపు విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం నాటి పని ఇది. కప్పు పడకుండా ఆగిపోయిన కల్యాణమండపంలో స్తంభాలు ఆకాశం కింద నిలబడి ఉంటాయి కాబట్టి, నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి బడి లేదు.

ఆళ్లగడ్డలో ఉలి పట్టేవాళ్లు, తిరుపతిలో దేవస్థానం వారి శిల్పకళా సంస్థలో చదివే పిల్లలు ఈ పేర్లతోనే కొలతలు వేస్తున్నారు.