వధువెవరు? — పశ్చిమ ప్రకాశ సీమలో క్రైస్తవ వివాహ రూపకము

భగవంతునకును భక్తునకును గల సంబంధమును లోకమందలి బాంధవ్యములతో పోల్చి చెప్పుట భక్తి వాఙ్మయమున ప్రాచీనమైన మార్గము. తండ్రి బిడ్డలు, ఏలిక బంటు, గురుశిష్యులు, సఖులు, దంపతులు అను ఈ పోలికలు మతభేదము లేక అంతటను కానవచ్చును. వీనిలో దాంపత్యమునకు ఒక విశేషము కలదు. అది పుట్టుకతో వచ్చినది కాదు. బలముచేత నిలుచునదియు కాదు. ఇచ్చిన మాటమీద నిలుచునది. కావుననే అది భక్తికి మిక్కిలి సన్నిహితమైన ఉపమానమైనది. ఆ కారణముననే అపార్థమునకు కూడ మిక్కిలి లోనైనది. క్రైస్తవ గ్రంథములలో ఈ పోలిక స్వరూపమెట్టిది, అది మార్కాపురము, గిద్దలూరు, కంభము, కనిగిరి సీమలకు వచ్చినప్పుడు ఎట్టి భావములు దానికెదురైనవి, నేడు దానిని వివరించుటలో జరుగుచున్న పొరపాటేమి అను మూడంశములను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ఈ సీమను గూర్చి ఒక్క మాట. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది. కనిగిరి సీమ నెల్లూరు జిల్లా నుండి వచ్చి ఇందు చేరినది. పడమట నల్లమల, అందు పుట్టిన గుండ్లకమ్మ కంభము చెరువును నింపి, తూర్పునకు సాగి, ఒంగోలు సమీపమున సముద్రమున కలియును. ఇచ్చటి క్రైస్తవమునకు రెండు పాయలు కలవు. మార్కాపురము, కంభము, కనిగిరి ప్రాంతములలో అమెరికన్ బాప్టిస్టులు, గిద్దలూరు వైపున ఆంగ్లికన్ మిషనువారు పని చేసిరి. ఒకరిది జ్ఞానస్నానమునకు ప్రాధాన్యమిచ్చు మార్గము; మరియొకరిది ప్రార్థనా గ్రంథమును అనుసరించు మార్గము. ఆంగ్లికన్ల 1662 నాటి ప్రార్థనా గ్రంథమున వివాహక్రమము, దాంపత్యమును క్రీస్తునకును సంఘమునకును గల ఐక్యమునకు గుర్తుగా చెప్పుటతోనే ఆరంభమగును. కావున ఈ పోలిక ఇచ్చటి సామాన్య విశ్వాసి చెవికి క్రొత్తది కాదు. ప్రతి పెండ్లిలోను వినుచున్నదే.

ఇక మూలమును చూతము. పాత నిబంధనలో హోషేయ, యెషయా, యిర్మీయా, యెహెజ్కేలు ప్రవక్తలు దేవుని భర్తగాను, ఇశ్రాయేలు జనమును భార్యగాను చిత్రించిరి. క్రొత్త నిబంధనలో పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలోను, ఎఫెసీయుల పత్రికలోను సంఘమును వధువుగా భావించెను. ప్రకటన గ్రంథము చివర వధువు ఒక పట్టణముగా, నూతన యెరూషలేముగా కనుపించును. ఈ ప్రయోగములన్నిటిలోను గమనింపదగినది ఒకటే. వధువు ఒక వ్యక్తి కాదు: ఒకచోట జనము, ఒకచోట సంఘము, ఒకచోట పట్టణము. విశ్వాసి ఒంటరిగా వధువు కాడు. పదుగురితో కూడినప్పుడే ఆ స్థానమందుండును.

వ్యక్తిగతమైన ఆత్మను వధువుగా భావించుట తరువాత విస్తరించిన మార్గము. మూడవ శతాబ్దిలో ఓరిగెను పరమగీతమునకు వ్యాఖ్య రచించుచు సంఘమును, ఆత్మను ఉభయులను వధువుగా చెప్పెను. పండ్రెండవ శతాబ్దిలో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు అదే గ్రంథముపై 86 ప్రసంగములు చేసి, మూడవ అధ్యాయపు ఆరంభమును దాటకయే పరమపదించెను. ఆయన చేతిలో ఈ రూపకము ఆత్మానుభవ వర్ణనగా పరిణమించినది. ఈ రెండవ మార్గమునకు మన మధురభక్తితో గల సామ్యము స్పష్టము. అన్నమాచార్యుని శృంగార సంకీర్తనములలోను, క్షేత్రయ్య పదములలోను కవి నాయికయై పలుకును. అచ్చట విరహము, అలుక, వేడుకోలు, కలయిక అన్నియు ఒక హృదయములో జరుగును. భేదము కూడ అంతే స్పష్టము. క్షేత్రయ్య నాయిక పరకీయగాను, సామాన్యగాను కూడ కనుపించును. రసపోషణకు అది దోషము కాదు. ప్రవక్తల రూపకమున నిబంధనయే ప్రాణము. నిబంధన తప్పినచో ఆ రూపకము చెదరును.

సంఘమంతయు బంధువగు వివాహభావన ఈ సీమకు పూర్వము తెలియనిదా? తెలియును. గిద్దలూరు నుండి నల్లమల దాటినచో అహోబిలము. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడిన కథ ఈ కొండలకు ఇరువైపులను ప్రసిద్ధము. కనుమనాడు మొదలగు పారువేటలో స్వామి సుమారు 40 దినములు పల్లెపల్లెకు వెళ్లి తన కల్యాణమునకు జనమును పిలుచునని సంప్రదాయము. చెంచులు ఆయనను తమ ఇంటి ఆడపడుచును చేసికొనిన వానిగా భావింతురు. ఆముక్తమాల్యదలోని గోదాదేవి కథతో దీనిని పోల్చి చూడవలెను. గోద ఒక్కతెయే భగవంతుని వరించినది; ఆమె ప్రేమ అనన్యసామాన్యము. చెంచెత కథలోనో, ఒక పిల్ల ద్వారమున కులమంతయు దేవునికి చుట్టమైనది. క్రైస్తవ రూపకము మరియొక అడుగు వేసినది. అందు ప్రజకు ప్రతినిధిగా ఒక పిల్ల లేదు. ప్రజయే వధువు.

ఈ భేదము పండిత చర్చకు మాత్రమే చెందినది కాదని మా అభిప్రాయము. దీనికి కారణము ఈ సీమ సాంఘిక చరిత్రలో కలదు. బసివి, మాతంగి, జోగిని మున్నగు పేర్లతో బాలికలను దేవతలకు అంకితము చేయు ఆచారము తెలుగు దేశమున పలుచోట్ల ఉండెను. కొన్నిచోట్ల దేవత పేర తాళియు కట్టుదురు. ఈ బాలికలలో అధికులు మాల, మాదిగ కులములవారు. ఒంగోలు మిషనుకు చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన గ్రంథమున మాదిగల మాతంగి ఆచారమును వర్ణించినది. దేవుని భార్య అను మాట అట్టి వాడలో కవిసమయము కాదు. ఒక బాలిక బ్రదుకు. దేవుని పేర కట్టిన తాళి ఆమెకు భర్తను ఈయలేదు. ఊరికి మాత్రము ఆమెపై అధికారము నిచ్చినది. 1947లో మద్రాసు రాష్ట్రమునందును, 1988లో ఆంధ్రప్రదేశ్‌నందును అంకితములను నిషేధించు చట్టములు రావలసి వచ్చినవి. అట్టి చోట దేవుడు వరుడు, మీరు వధువు అని బోధించుట ఎంత సాహసమో ఊహింపవచ్చును. వధువు అను పదమునకు ఒక్క ఆడుపిల్ల అని అర్థమైనచో ఆ బోధ పాత ఆచారమునకు క్రొత్త పేరగును. సంఘమంతయు అని అర్థమైనచో ఆ ఆచారమునకే అది ఖండనము.

ఈ సీమ తొలి క్రైస్తవులలో ప్రముఖుడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలునకు పడమటనున్న తాళ్లకొండపాడు ఆయన ఊరు, తోలుపని వృత్తి, పూర్వము గురుముఖమున యోగమార్గమును అభ్యసించినవాడు. 1866లో ఆయనయు, ఆయన భార్య నాగమ్మయు జ్ఞానస్నానము పొందిరి. దంపతులిరువురును కలిసి వధుస్థానమును స్వీకరించుట ఇందు మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఆ దినములలో జాన్ క్లౌ క్రొత్తవారికి విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. మూడును చిన్నవిగా కనుపించును. కాని మాదిగవాడు ఊరి జాతరలో డప్పు కొట్టనన్నచో ఊరితో తనకు గల వృత్తి సంబంధమే తెగును, గ్రాసము పోవును. ఇచ్చట హోషేయ రూపకము అక్షరసత్యమైనది. అన్యదేవతారాధనమును ప్రవక్త వ్యభిచారమనెను. ఏకపత్నికి ఏకపతి అన్న నియమమును భక్తికి అన్వయించెను. ఎండాకాలపు జాతరలో డప్పు దించిన వానికి ఆ పాతివ్రత్యమునకు చెల్లింపవలసిన వెల యెంతయో బాగుగా తెలియును. 1876–78 కరవు తరువాత, 1878 జూలై 3న ఒకే దినమున 2,222 మంది ఒంగోలు సమీపమున గుండ్లకమ్మలో జ్ఞానస్నానము పొందిన సంగతి సుప్రసిద్ధము. అంతమంది ఏటిలో దిగినప్పుడు 'వధువు' అను ఏకవచనమునకు ఈ సీమలో కన్నులకు కట్టునట్టి అర్థము దొరికినది.

ఈ రూపకము తెలుగులో నిలుచుటకు భాషయు, ఆచారమును తోడ్పడినవి. తెలుగు బైబిలులో 'ప్రధానము' అను మాట నిశ్చితార్థమునకు వాడబడినది. పౌలు సంఘమును ప్రధానము చేసితిననెను, పెండ్లి జరిగినదనలేదు. పెండ్లి విందు ప్రకటన గ్రంథమున చివరకు వచ్చును. కావున విశ్వాసి నిలిచియున్నది ప్రధానమునకును పెండ్లికిని నడుమ. మాట యిచ్చుటయైనది, ముహూర్తము తెలియదు. మత్తయి సువార్తలో దివిటీలు పట్టి వరునికై కాచియుండిన పదిమంది కన్యకలు మన ఊళ్లలో ఎదురుకోలుకు వెళ్లువారివంటివారే. ఈ కథకు తెలుగు పాఠకునకు వ్యాఖ్య అక్కరలేదు. మరియు మన శ్రామిక కులములలో పూర్వము ఓలి ఆచారముండెను. వరుని వారు పిల్లకు ఓలి యిచ్చి తెచ్చుకొందురు. క్రీస్తు సంఘము కొరకు తన్ను తాను అర్పించుకొనెనను పౌలు మాట ఓలి ఎరిగిన వారికి సులభగ్రాహ్యము. ఇచ్చువాడు వరుడు. పిమ్మట ఓలి పోయి కట్నము వచ్చినది. 1961లో వరకట్న నిషేధ చట్టమును చేయవలసినంతగా వ్యాపించినది. కట్నము పుచ్చుకొని, సర్వమును ఇచ్చిన వరుని గూర్చిన ప్రసంగమును విని, పందిటి నుండి లేచిపోవు పెండ్లివారికి ఆ రూపకము చెవిని సోకినదని ఎట్లందుము?

గేయములలో ఈ భావము నడచిన తీరు వేరు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు రాగతాళములతో కూర్చిన పాటలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' మూలమున ఈ సీమ పల్లెలకును చేరినవి. పాట స్వభావముచేత 'నేను' అను గొంతు కోరును. అందుచేత వధుస్థానమున సంఘమునకు బదులు ఏకాకియగు ఆత్మ తరచుగా నిలుచును. దీనిని మేము దోషమనము; మధురభక్తికి అలవడిన తెలుగు చెవికి అది సహజము. కాని 'నేను' పాడిన పాటను పదుగురు కలిసి పాడినప్పుడు అది మరల 'మేము' అగును. సమష్టి గానము ఈ విషయమున రూపకమును రక్షించుచున్నది.

రక్షణ లేనిది వివరణలో. వివాహ ప్రసంగములలో తరచుగా వినవచ్చు మాట ఇది: సంఘము క్రీస్తునకు లోబడినట్లు భార్య భర్తకు లోబడవలెను; ఏలయన భర్త ఆమెకు దైవము. ఇందు మొదటి భాగము పౌలుది. రెండవది 'పతియే ప్రత్యక్షదైవము' అను మన నానుడి. ఈ రెండిటిని కలుపుటలో అలంకారమే తలక్రిందులైనది. మూలమున ఉపమేయము దైవసంబంధము, ఉపమానము దాంపత్యము. దైవమును భర్తతో పోల్చుట వేరు, భర్తను దైవముతో పోల్చుట వేరు. ఉపమానమును ఉపమేయముగా మార్చి చెప్పుటను మన లాక్షణికులు ప్రతీపమనిరి. కావ్యమున ప్రతీపము శోభ, ధర్మబోధలో ప్రమాదము. మొదటిది దేవుని గూర్చి చెప్పును. రెండవది మగనికి దేవుని అధికారమును కట్టబెట్టును.

పౌలు మాటలోనే దీనికి సమాధానము కలదని మేము తలంతుము. ఎఫెసీయుల పత్రిక ఐదవ అధ్యాయమున భార్యలకు చెప్పిన వచనములు మూడు, 22 నుండి 24 వరకు. వానికి ముందు 21వ వచనమున ఒకరికొకరు లోబడుడని ఉభయులకు చెప్పబడినది. భర్తలకు చెప్పినది అంతకు రెండింతలకు పైబడినది. అందు అధికారమునకు చోటు లేదు, ఆత్మార్పణమునకే కలదు. హోషేయ ఇంకను ముందుకు పోయెను. హీబ్రూ భాషలో 'బాల్' అను మాటకు యజమానుడనియు, మగడనియు అర్థము; అదియే అన్యదేవత పేరు కూడ. ఆ పేరుతో తన్ను పిలువవద్దని, 'ఈషీ', అనగా నా పెనిమిటి అని పిలువుమని దేవుడు చెప్పినట్లు ఆ ప్రవక్త రెండవ అధ్యాయమున కలదు. మన భాషలోను ఈ భేదమునకు మాటలు కలవు. 'పతి' అనగా ఏలువాడు. 'భర్త' అనగా భరించువాడు. దేవుడే పతిత్వమును వదలి భర్తృత్వమును కోరినాడన్నచో, మనుష్యుడు భర్తృత్వమును వదలి పతిత్వమును పట్టుకొనుట ఏ రూపకబలమున?

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. హోషేయ, యెహెజ్కేలు గ్రంథములలోనే భర్త భార్యను కఠినముగా శిక్షించు వర్ణనలు కలవు గదా అని. కలవు, వానిని దాచుట విమర్శకునకు తగదు. యెహెజ్కేలు 16వ అధ్యాయమును నేటి స్త్రీ కన్నులతో చదివినచో మనస్సు కలతపడక మానదు. అవి ఒక రాజ్యపతనమును వర్ణించు మాటలే గాని గృహస్థుల కిచ్చిన ఆదేశములు కావని సమాధానము చెప్పవచ్చును. అది సరియైన సమాధానమే, కాని చాలినంత సమాధానము కాదు. ఉపమానము తాను పుట్టిన లోకపు మరకలను మోసికొని వచ్చును. బోధకుడు ఆ మరకను గుర్తింపవలెను.

కావున మేము తేల్చునది ఇది. వివాహ రూపకమును పరిశీలించువారు మొదట వధువెవరని అడుగవలెను. సంఘమని సమాధానము వచ్చినంతవరకు ఆ రూపకము ఈ సీమలో విమోచన కారణమైనది. అంకితమైన బాలికను మరల అందరి నడుమ నిలిపినది, తోలు కుట్టు వానిని అతని భార్య ప్రక్కన వధుస్థానమున నిలిపినది. ఇంటి యిల్లాలు మాత్రమే వధువనియు, ఇంటి మగవాడే వరుడనియు సమాధానము వచ్చిననాడు ఆ రూపకము తన పనికి విరుద్ధమైన పనిని చేయుచున్నది. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పెండ్లిపాటలను, ప్రసంగములను సేకరించి ఈ దృష్టితో పరిశీలింపవలసిన పని పరిశోధక విద్యార్థుల కొరకు మిగిలియున్నది. దానికి పూనుకొనువారు పాటలో 'నేను' ఎచ్చట 'మేము' అగునో, ప్రసంగములో 'భర్త' ఎచ్చట 'పతి' అగునో గుర్తించిన చాలును. తక్కినది ఆ సామగ్రియే చెప్పును.