చీరాలా? చెర్లా?

జనం ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసిన ఊరి పేరును డేటాబేసులోని ఊళ్ళ జాబితాలో వెతికి, ఫలానా ఊరని తేల్చడం నా పని. ఉన్నదున్నట్టు కలిస్తే పేచీ లేదు. కలవనప్పుడు ఎంత దగ్గరగా ఉందో కొలుస్తాం.

ఎక్కువమంది వాడే కొలత సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టీన్ 1965లో చెప్పింది. ఒక పేరు ఇంకో పేరు కావాలంటే ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి అన్నదే లెక్క. ఇంగ్లిషులో చీరాల రాసి, ఒక ‘ఐ’ని ‘ఈ’ చేసి, ఒక ‘ఏ’ తీసేయండి, చెర్ల అయిపోతుంది. రెండే మార్పులు! చీరాలేమో సముద్రతీరపు చేనేత పట్నం, చెర్లేమో భద్రాచలానికి ఎగువన తాలిపేరు ప్రాజెక్టు ఉన్న మండలం. అదే కడప చూడండి. ‘సీ’తో మొదలై ‘హెచ్’తో ముగిసే పాత స్పెల్లింగు, ‘కే’తో మొదలయ్యే ఇప్పటి స్పెల్లింగు కావాలంటే నాలుగు మార్పులు కావాలి. ఊరు మాత్రం ఒక్కటే.

ఉచ్చారణను బట్టి పోల్చే సౌండెక్స్ పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంటు వచ్చింది. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి తర్వాతి హల్లులకు అంకెలిస్తుంది. దాంతో చీరాలకూ చెర్లకూ ఒకే కోడు వస్తుంది, కడపకు రెండు కోడ్లు వస్తాయి.

మనవాళ్ళ రాత తెలిసిన నియమాలు మనమే కట్టుకోవాలి. ‘వీ’కి బదులు ‘డబ్ల్యూ’ పడితే తేడాగా లెక్కించకూడదు. ‘త’ రాయడానికి మనం ‘హెచ్’ కలుపుతాం, ఉత్తరాదివాళ్ళు కలపరు. ‘పల్లి’ ఒకచోట ‘వై’తో, ఇంకోచోట ‘ఐ’తో, మరోచోట ‘ఈ’తో ముగుస్తుంది. బెజవాడ, వైజాగ్, ఓరుగల్లు ఈ లెక్కలకు అందవు. ఆ ప్రాంతం ఎరిగిన మనిషి కూర్చుని మారుపేర్ల పట్టిక రాయాల్సిందే. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

అక్షరం పొల్లుపోకుండా కలిసినా నిశ్చింత లేదు. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? మండలం, జిల్లా, పిన్‌కోడు అడగాలి. చీరాల పిన్ 523తో, చెర్ల పిన్ 507తో మొదలవుతాయి గనుక అక్కడ మూడంకెలతో తేలిపోతుంది.

తేలనప్పుడు ప్రోగ్రాము తనంతట తాను ఊరు మార్చేయడం నాకు అసలు నచ్చదు. రెండు మూడు పేర్లు మండలాలతో సహా చూపించి, ఎంచుకోమని టైపు చేసిన మనిషినే అడగాలి. అందులో ఏదీ కాదంటే, ఆయన టైపు చేసిన పేరును అలాగే దాచాలి. జాబితాకెక్కని తండాలు, గూడేలు, శివారు పల్లెలు ఉంటాయి. అలాంటి చోటుకు మన రికార్డులో ఉన్న ఆనవాలు ఆయన టైపు చేసిన ఆ పేరొక్కటే.