చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

పాతకాలపు షావుకారు కొట్టులో సొమ్ము చేతులు మారగానే ముందు చిట్టాలో పడేది, ఆ తర్వాతే ఆవర్జాకు ఎక్కేది. డేటాబేస్‌దీ అదే ఆచారం. ముందు లాగ్ రాస్తుంది, అది భద్రంగా పడిందన్న జవాబు వచ్చాకే డేటా రాస్తుంది. ఇప్పుడు చిట్టా ఒక స్టోరేజ్ పెట్టెలో, ఆవర్జా ఇంకో పెట్టెలో ఉన్నాయనుకోండి. రెండింటి నకళ్లూ దూరపు ఊరికి పోతున్నాయి. మొదటి పెట్టె లైను తెగింది, రెండోదాని లైను మరో నాలుగు సెకన్లు నడిచింది. అవతల చిట్టాలో లేని పద్దు ఆవర్జాలో తేలుతుంది. విడివిడిగా చూస్తే ఏ నకలూ తప్పు కాదు, కలిపి చదివితే రెండూ చెత్తే.

నకలు తీయడం పెద్ద విద్య కాదు. 1994లో ఈఎంసీ సంస్థ తన సిమెట్రిక్స్ స్టోరేజ్ పెట్టెలకు తెచ్చిన, దూరానికి నకళ్లు పంపే ఎస్‌ఆర్‌డీఎఫ్ ఆ తర్వాతి ఏళ్లలో ఈ చిక్కును విప్పిన తీరుకే నేను దణ్ణం పెడతాను.

దగ్గరి ఊరైతే అవతల చేరాకే ఇవతల జవాబివ్వొచ్చు. కానీ సెబీ నిబంధన స్టాక్ ఎక్స్ఛేంజీల విపత్తు వేళ నడిచే కేంద్రం వేరే భూకంప మండలంలో ఉండాలని, లేదంటే కనీసం 500 కిలోమీటర్ల దూరమైనా ఉండాలని అంటుంది. ఫైబర్‌లో వెలుగుకు కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు. 500 కిలోమీటర్లు పోయిరావడానికే 5 మిల్లీసెకన్లు! ప్రతి రాతకూ అంతసేపు ట్రేడింగ్ వ్యవస్థ ఓర్చుకోవడం కష్టం.

అందుకే విడతలు. ఇవతల ఒక విడత పోగవుతుంటే, ముందరిది లైను మీద పోయి అవతల చేరుతుంటుంది, దానికీ ముందరిది అక్కడి నకల్లోకి ఎక్కుతుంటుంది. ఒకే చోట పదిసార్లు రాసినా విడతలో చివరిదే ప్రయాణిస్తుంది. విడత ఎక్కితే మొత్తం ఎక్కాలి, లేదంటే అసలు ఎక్కకూడదు.

పెట్టెలు పది ఉండి, దేనికది విడత మార్చుకుంటే కథ మళ్లీ మొదటికే. కాబట్టి సర్వర్ మీద ఉండే ఒక చిన్న ప్రోగ్రామ్ అన్ని పెట్టెలనూ వాకబు చేస్తుంది: పంపింది పూర్తిగా చేరిందా? ముందరిది ఎక్కిందా? అన్నీ ఔనన్నాక కొత్త రాతలను క్షణంపాటు గుమ్మంలో నిలబెట్టి, అన్నిటిలోనూ విడత మార్చి, వదులుతుంది. గడియారాలు కలపాల్సిన పనే లేదు. లాగ్‌కు జవాబు రానిదే డేటాబేస్ డేటాను పంపదు కదా, ఆ ఓపికే ఇక్కడ పనిముట్టు.

సరిగ్గా ఆ మార్పు వేళే ప్రధాన కేంద్రం కూలితే? ఏ ఒక్క పెట్టెకు విడత సగమే చేరినా అన్నీ దాన్ని పారేస్తాయి. ఏ ఒక్కటి ఎక్కించడం మొదలుపెట్టినా అన్నీ ఎక్కిస్తాయి. ఎందుకంటే అన్నిటికీ పూర్తిగా చేరకపోతే మార్పు ఆజ్ఞే పుట్టేది కాదు. ఈ తర్కం మొదటిసారి అర్థమైన రోజు కాసేపు పని ఆపేసి కూర్చున్నాను.

ఇక ప్రణాళిక వేసేవాడి పని విసుగుది. సగటు చూసి లైను కొన్నవాడు జీతాల రోజునో, మార్చి 31నో దొరికిపోతాడు. రాతల ఉధృతి లైనును మించితే విడత సాగుతుంది, కాష్ నిండుతుంది. అంతకంటే మోసకారి తప్పు చాలా చిన్నది. లాగ్‌కు చోటు చాలక డీబీఏ కొత్త డిస్కు ఒకటి కలుపుతాడు, దాన్ని నకళ్లు పోయే డిస్కుల గ్రూపులో చేర్చాలన్న సంగతి ఎవరికీ తట్టదు. విపత్తు డ్రిల్ రోజు దాకా తెర మీద అన్నీ పచ్చగానే కనిపిస్తాయి.